ఒకే సరుకు డబ్బా

“కలిపింది ఎవరో ఇప్పుడే తేలాలి. అది తేలేదాకా ఈ ఇంట్లో ఎవరూ రొట్టె ముక్క ముట్టుకోవద్దు!”

రిజ్క్ ఆ మాట అని, చేతిలోని ప్లాస్టిక్ పట్టీని బల్ల మీద విసిరికొట్టాడు. జానెడు పట్టీ అది. నున్నగా ఉండాలి, లాగితే సాగాలి. అలాంటిది రెండు చేతులా పట్టుకుని కాస్త గుంజగానే పుటుక్కున తెగింది. తెగినచోట బియ్యపు నూకల్లాంటి గట్టి పలుకులు కనిపించాయి. మూడు వేల కొత్త జ్యూస్ డబ్బాలు ఏరి, కడిగి, తరిగి, కరిగించి పోస్తే దిగిన సరుకు ఇదీ.

గలీలా తల ఎత్తలేదు. గుమ్మం పక్కన తన కుప్ప ముందు కూర్చుని సీసాలొక బుట్టలోకి, మూతలొక బుట్టలోకి విసురుతూనే ఉంది. ముప్పై ఏళ్ళ అలవాటు. ఇంటికి నిప్పంటుకున్నా ఆ చేతులు ఆగేవి కావు.

“వదినా, నీతోనే మాట్లాడుతున్నా.”

“నాతోనా? నాతో ఏం పని నాయనా? చదువూ సంధ్యా లేనిదాన్ని. మీ యంత్రం గదిలో అడుగుపెట్టి మూడు నెలలైంది. మీరూ మీరూ చూసుకోండి.”

“అదిగో, మొదలైంది దెప్పుడు!”

“దెప్పుడేమిట్రా? ఉన్నమాటంటే ఉలుకెందుకు?”

మెట్టు మీద కూర్చున్న ఐరీనీ మోకాళ్ళలో మొహం పెట్టుకుంది. రిజ్క్ పెళ్ళాం, ఈ ఇంటి చిన్న కోడలు. ముఖత్తమ్ కొండ కింద చెత్త ఏరుకు బతికే ఈ పేటలో, బడికి వెళ్ళి యంత్రం పని నేర్చుకొచ్చిన మొదటి ఆడపిల్ల. తెల్లవారినప్పటి నుంచీ ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి. మెడలో నల్లతాడు, ఆ తాడుకి చిన్న శిలువ, శిలువ పక్కనే యంత్రం గది తాళంచెవి.

గలీలా దేన్ని చూసినా చూడకపోయినా ఆ తాళంచెవిని మాత్రం చూస్తుంది. పద్నాలుగేళ్ళు తన నడుముకి వేలాడింది అది. మూడు నెలల కింద, గుడిలో నీళ్ళు దీవించే గతాస్ పండగనాడు తన మొగుడు వదీ స్వయంగా విప్పి, “ఇక మీదట మా ఐరీనీ చూసుకుంటుంది” అంటూ మరదలి చేతిలో పెట్టాడు. మా ఐరీనీ! పాతికేళ్ళ కాపురంలో పదిమంది ముందు ఒక్కనాడైనా ‘మా గలీలా’ అన్నాడా ఈ మహానుభావుడు? ఆ రోజు నుంచీ ఆమెకి కడుపులో మంటే మంట. అన్నం తిన్నా అదే, నీళ్ళు తాగినా అదే.

“కంపెనీ ఇంజనీరమ్మ మధ్యాహ్నం వస్తోంది,” అన్నాడు వదీ మెల్లగా. గొడవల్లో అతని గొంతెప్పుడూ అంతే, గోడకి చెబుతున్నట్టు ఉంటుంది. “ఆవిడకి ఏం చూపిస్తాం? ఈ తెగిన ముక్కా?”

చూపించాల్సింది చూపించకపోతే ఏమవుతుందో అందరికీ తెలుసు. మేడ మీదకి తలెత్తితే చాలు, కనిపిస్తుంది. పాత జ్యూస్ డబ్బాల గుట్టలు. అట్ట ఒక పొర, వెండి రేకు ఒక పొర, ప్లాస్టిక్ ఒక పొర, మూడూ కలిపి అతికించి ఊరి మీదకి వదిలిన డబ్బాలు. విడదీయడం మనిషి వల్ల కాదు. అట్టవాడు కొనడు, ప్లాస్టిక్‌వాడు కొనడు, చివరికి పందులైనా మూతి పెట్టవు. ఏరినందుకు చేతుల నొప్పులు తప్ప గలీలాకి వాటివల్ల ఒరిగింది లేదు. ఇన్నాళ్ళకి జామరసం కంపెనీవాళ్ళు ఒకే సరుకుతో డబ్బా చేశారు. అట్టా లేదు, రేకూ లేదు, ఒళ్ళంతా ఒకే ప్లాస్టిక్. మీ పేటలో మీ యంత్రం మీద కరిగి మంచి సరుకైతే, ఊరంతా ఇదే డబ్బా అన్నారు. కాకపోతే మళ్ళీ పాతదే.

“మీకింకా అర్థం కాలేదా?” రిజ్క్ గొంతు పెంచాడు. “పాత డబ్బాలు పడ్డాయి కొత్త డబ్బాల సంచుల్లో. రేకు పలుకులు అవి! వాటంతట అవే నడిచొచ్చి పడతాయా? ఎవరో వేశారు. మా ఆవిడ పేరు పైకి రావడం ఎవరికి గిట్టదో వాళ్ళే వేశారు.”

“పేరు పెట్టి అనరాదూ?” గలీలా చేతిలోని సీసా బుట్టలో కాక నేల మీద పడింది.

“నువ్వే అనుకుంటున్నావుగా, నేననడం ఎందుకు?”

“ఏమయ్యా, విన్నావా మీ తమ్ముడి మాటలు?” మొగుడి వైపు తిరిగింది. “నన్ను దొంగ అంటున్నాడు. నోట్లో నాలుక లేదా నీకు?”

వదీ తువ్వాలు తీసి మెడ తుడుచుకున్నాడు. అతనికి ఎప్పుడు మాట రాకపోయినా మెడకి చెమట పడుతుంది.

“నువ్వు వేశావని నేననను,” అన్నాడు. “వెయ్యలేదనీ... ఎలా చెప్పను గలీలా? మూడు నెలల నుంచీ నీ మొహం చూస్తున్నా కదా.”

రిజ్క్ అన్నది చెంపదెబ్బ అయితే ఇది గలీలా గుండెల మీద పడింది.

అప్పుడు లోపల్నుంచి అత్తగారు వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. పేటంతా ఉమ్ వదీ అంటారు, వదీ తల్లి అని. చేతిలో పాత పట్టుగుడ్డ చుట్టిన సువార్త పుస్తకం ఉంది.

“పెద్ద ఉపవాసం రోజుల్లో ఇల్లు పీకి పందిరేస్తున్నారు. సిగ్గులేదురా మీకు?” పుస్తకం బల్ల మీద పెట్టి గుడ్డ విప్పింది. “రేపు శుక్రవారం. ఊరికంతా సెలవు, అందరం గుడికి పోతాం. శాంతి చెప్పుకునే వేళ ఒకరి చేతులు ఒకరు ముట్టుకోవాలి. మనసులో ఈ కుళ్ళు పెట్టుకుని ఏ మొహంతో ముట్టుకుంటారు? రావే గలీలా. చెయ్యి పెట్టు.”

“అత్తా, నువ్వు కూడానా?”

“నేను కూడానే. నువ్వు ఈ ఇంటికి వచ్చిన రోజు నుంచీ నీ మాట నేను నమ్మాను. వీళ్ళూ నమ్మాలంటే ఇదే దారి. ‘పాత డబ్బా ఒక్కటైనా నేను సంచుల్లో కలపలేదు’ అను. చాలు.”

గలీలా లేచింది. చేతులు గౌనుకి తుడుచుకుంది. ముంజేతి లోపల పచ్చబొట్టు శిలువ ఉంది, చిన్నప్పుడు పొడిచింది, ఇప్పుడు వెలిసి మసకబారింది. ఆ చేతిని పుస్తకం మీద పెట్టి, ఒక్కొక్క మాటే పలికింది.

“పాత డబ్బా ఒక్కటైనా నేను సంచుల్లో కలపలేదు. కలిపి ఉంటే నా కళ్ళు పోవాలి.”

అక్షరం పొల్లుపోని నిజం. అయినా ఆమె చేతిని పుస్తకం మీద నుంచి చప్పున వెనక్కి లాక్కుంది.

రిజ్క్ తల దించుకున్నాడు. ఐరీనీ మెట్టు మీద నుంచి లేచొచ్చి, వంగి తోటికోడలి నడినెత్తిన ముద్దు పెట్టింది.

“తప్పయింది అక్కా. నేనూ అనుకున్నాను. నోటితో అనలేదు గానీ మనసులో అనుకున్నాను. నన్ను క్షమించు.”

“సర్లేవే,” అంది గలీలా, పక్కకి జరుగుతూ.

ఎందుకు అలా లాక్కుందో చెప్పాలి మరి.

కొత్త డబ్బాల మొదటి సంచీ విప్పిన రోజు సంగతి. పేటలోని ఆడవాళ్ళు పది పన్నెండు మంది చుట్టూ మూగారు. ఎప్పుడూ కొత్త సరుకేదైనా వస్తే ముందు గలీలా చేతికే ఇస్తారు. నలిపి చప్పుడు వింటుంది, గోటితో గీరుతుంది, పంటికింద పెట్టి కొరుకుతుంది, ఇదీ ఫలానా సరుకు అంటుంది. అంతే, ఇక తిరుగులేదు. ఆ రోజూ అలవాటుకొద్దీ చెయ్యి చాపింది. ఐరీనీ నవ్వి, డబ్బాని బేసిన్ నీళ్ళలో పడేసింది. తేలింది. “చూశారా, మొత్తం తేలింది. అంతా ఒకే సరుకు. కంపెనీ కాయితం మీద కూడా అలాగే రాసిచ్చింది. ఇక మీదట చెవులతో పళ్ళతో పని లేదు అక్కా, పాపం నీ పళ్ళకి విశ్రాంతి!” అంది.

అందరూ నవ్వారు. వెక్కిరింపుగా కాదు, మామూలుగానే నవ్వారు. ఐరీనీకి కూడా మనసులో ఏమీ లేదు. కానీ ముప్పై ఏళ్ళ విద్య ఒక్క బేసిన్ నీళ్ళలో తేలిపోతుంటే ఎవరికి నవ్వొస్తుంది? ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అనలేదు పెద్దలు.

అందరూ వెళ్ళాక గలీలా ఒక డబ్బా తీసి గౌను జేబులో వేసుకుంది. పెరట్లో పందుల దడి వెనక నిలబడి కొరికింది. ఒళ్ళు మెత్తగా దిగింది, పంటి గాటు పడింది, మంచి సరుకు. మెడ కొరికింది. మూత తిప్పే మెడ, వేలెడంతైనా లేదు. పన్ను జారింది. ఇంకొంచెం నొక్కితే పెళుక్కుమంది. నిప్పు అంటించి వాసన చూసింది. ఒళ్ళు కొవ్వొత్తి వాసన వేసింది. మెడ అలా వెయ్యలేదు, ఘాటుగా కిరసనాయిలు పొగలా కొట్టింది.

మెడ వేరే సరుకు. నీళ్ళలో ఇదీ తేలుతుంది గనక బేసిన్ పట్టుకోలేదు. కానీ యంత్రం వేడికి ఒళ్ళు కరుగుతుంది, మెడ కరగదు. పలుకులు పలుకులుగా ఉండిపోతుంది.

ఆ రోజే చెప్పి ఉంటే ఒక పూట కూర్చుని మెడలన్నీ కోసి పారేసేవాళ్ళు. చెప్పలేదు. చూద్దాం, చదువుకున్న పిల్ల కదా, తనే కనిపెడుతుందేమో చూద్దాం అనుకుంది. మర్నాడూ చెప్పలేదు. సంచుల మీద సంచులు యంత్రంలోకి పోతుంటే గుమ్మం దగ్గర కూర్చుని చూస్తూ ఉంది. లోపల్లోపల ఎంత హాయిగా ఉండేదో ఆమెకే తెలుసు. ఆ హాయి గుర్తొచ్చే పుస్తకం మీద చెయ్యి నిలవలేదు.

పెరటి కొళాయి దగ్గర గలీలా మొహం కడుక్కుంటుంటే ఐరీనీ వెనకే వచ్చింది.

“అక్కా, ఒక్క మాట. ఇంజనీరమ్మ వచ్చేస్తుంది. ఈ డబ్బా మాకు పనికిరాదని చెప్పేస్తాను. నాకు పని రాలేదని కూడా చెప్పేస్తాను. ఇంకేం చెప్పను?”

గలీలా నీళ్ళు చల్లుకుంటూనే ఉంది.

“నేను మూడుసార్లు పోశాను. వేడి పెంచాను, తగ్గించాను. రేకు ముక్క ఒక్కటీ కనబడలేదు నాకు. రిజ్క్ వినడు గానీ, అవి రేకు పలుకులు కావక్కా. ఏమిటో తెలియడం లేదు.” ఐరీనీ గొంతు తగ్గించింది. “నీకేమైనా తోచిందా? నువ్వొకసారి చూస్తావా? ఆ రోజే నీకిచ్చి చూపించాల్సింది. గొప్పకి పోయాను.”

ఇంతకన్నా ఎవరు దిగొస్తారు? ఒక్క మాట చాలు. ‘మెడ చూడవే పిచ్చిదానా’ అంటే అయిపోయేది. ఆ మాట నాలుక చివరికి వచ్చింది కూడా. అప్పుడే ఐరీనీ వంగింది, మెడలోని తాళంచెవి ఊగి గలీలా మోచేతికి తగిలింది.

“నాకేం తెలుసమ్మా,” అంది గలీలా. “కాయితం చదవడం రానిదాన్ని.”

ఐరీనీ లోపలికి పోయింది.

చెప్పకూడదని కాదు, గలీలా చెబుతానని అప్పటికే మనసులో అనుకుంది. డబ్బా పోతే మేడ మీది గుట్టలు ఇంకా పెరుగుతాయి, ఏరాల్సింది తనే. ఆ మాత్రం తెలియదా? కానీ ఈ పెరట్లో, కొళాయి దగ్గర, ఎవరూ వినకుండా చెబితే ఏం లాభం? రేపు పొద్దున్నే ‘మా ఐరీనీ కనిపెట్టింది’ అంటాడు ఈ మొగుడు. చెబితే ఇంజనీరమ్మ ముందే చెప్పాలి. అందరూ నిలబడి ఉండగా చెప్పాలి.

మధ్యాహ్నం వచ్చింది ఇంజనీరమ్మ. పేరు షహీరా. అట్టల మూటల లారీ సందుకి అడ్డంగా ఆగిపోవడంతో కారు దిగి నడిచొచ్చింది. బూట్లకి బురద, మొహాన చెమట. అయినా ముక్కుకి గుడ్డ పెట్టుకోలేదు. ఆ ఒక్కందుకే ఉమ్ వదీకి ఆవిడంటే ఇష్టం.

పుదీనా టీ ఇచ్చారు. ఐరీనీ తెగిన పట్టీ తెచ్చి ఆవిడ ముందు పెట్టింది.

“ఇదీ వచ్చింది మేడమ్. మూడుసార్లు చేశాను. రాలేదు.”

షహీరా పట్టీని అటూ ఇటూ తిప్పి చూసింది. మొహం వాడిపోయింది. “అయ్యో. ఆదివారం కంపెనీలో పెద్దవాళ్ళు కూర్చుంటున్నారు ఐరీనీ. ఇది చూస్తే ఇంకేం మాట్లాడనివ్వరు. పాత డబ్బాకే మొగ్గుతారు. ఏదో కలిసి ఉండాలి కదా?”

“ఏమీ కలవలేదు మేడమ్. ఇంట్లో ప్రమాణాలు కూడా అయ్యాయి. తప్పు నాదే అయుంటుంది. నాకు పని...”

“తప్పు దానిది కాదు,” అంది గలీలా.

అందరూ తిరిగి చూశారు. గుమ్మంలో నిలబడి ఉంది. తలగుడ్డ సరిచేసుకుని, ఉతికిన గౌను తొడుక్కుని వచ్చింది. చేతిలో కొత్త డబ్బా.

“చూడండి ఇంజనీరమ్మా.” డబ్బా ఒళ్ళు కొరికి చూపించింది. “గాటు పడిందా?” మెడ పంటికింద పెట్టింది. పెళుక్కుమన్న చప్పుడు వాకిలంతా వినిపించింది. “మీ కాయితం అబద్ధం చెప్పింది. ఒళ్ళు ఒక సరుకు, మెడ ఇంకో సరుకు. రెండూ తేలతాయి, కానీ రెండూ కలిసి కరగవు. మెడ కోసెయ్యండి, లేదా మెడ కూడా ఒంటి సరుకుతోనే చెయ్యండి. మీ డబ్బా బంగారంలాంటి డబ్బా.”

షహీరా డబ్బా లాక్కున్నంత పని చేసింది. గోటితో మెడ గీరింది, వంచింది, కిటికీ వెలుగులో పట్టుకుంది. “మెడలు చేసేది వేరే వాళ్ళు. మేము చెప్పిన సరుకు కాదేమో ఇది. ఓరి దేవుడా, మా ప్రయోగశాలలో ఎవరూ మెడ వైపు చూడనేలేదు!” గలీలా రెండు చేతులూ పట్టుకుంది. “గలీలా గారూ, ఆదివారం మీరు రావాలి. ఇలాగే వాళ్ళ ముందు కొరికి చూపించాలి.”

“మా గలీలా అంటే ఏమనుకున్నారు!” అన్నాడు వదీ.

అన్నాడు. పాతికేళ్ళకి అన్నాడు. గలీలా మొహం విప్పారింది. నవ్వుతూ మొగుణ్ణి చూసింది, అత్తగారిని చూసింది, చివరికి ఐరీనీని చూసింది. ఐరీనీ మాత్రం నవ్వడం లేదు.

“అక్కా,” అంది. “ఎప్పుడు తెలిసింది నీకు?”

చాలా మామూలుగా అడిగింది. టీ తాగావా అని అడిగినట్టు.

“ఏమిటీ?”

“మెడ సంగతి. ఎప్పుడు తెలిసింది? కొళాయి దగ్గర నేనడిగినప్పుడు తెలుసా?”

ఇప్పుడే తెలిసిందని చెప్పొచ్చు. బట్టలు మార్చుకుంటూ కొరికి చూశానని చెప్పొచ్చు. నమ్ముతారు. కానీ సువార్త పుస్తకం ఇంకా బల్ల మీదే ఉంది, టీ గ్లాసుల పక్కన, గుడ్డ విప్పి ఉన్నది ఉన్నట్టే.

“తెలుసు,” అంది గలీలా.

“అంతకు ముందు?”

గలీలా తలగుడ్డ చివర వేలికి చుట్టుకుంది, విప్పింది. “మొదటి సంచీ విప్పిన రోజే.”

రిజ్క్ ఏదో అనబోయాడు. ఐరీనీ చెయ్యి ఎత్తి ఆపింది. ఏడుస్తుందేమో అనుకుంది గలీలా. తిడుతుందేమో అనుకుంది. తిడితే బాగుండు, తిరిగి నాలుగు అనొచ్చు.

ఐరీనీ మెడలోని తాడు పైకి తీసింది. ముడి విప్పింది. శిలువని గుప్పిట్లో ఉంచుకుని, తాళంచెవిని గలీలా అరచేతిలో పెట్టింది.

“ఇదేగా అక్కా. అడిగితే ఆ రోజే ఇచ్చేదాన్ని.”

చెప్పులు వేసుకుని, ఇంజనీరమ్మకి తల వంచి, సందులోకి దిగింది. పుట్టింటి వైపు. లారీ పక్కగా ఒదిగి నడుస్తూ పోయింది, వెనక్కి చూడలేదు.

“ఒసే ఐరీనీ, ఆగవే!” అని గలీలా మనసులోనే అనుకుంది. రిజ్క్ పరిగెత్తాడు. షహీరా డబ్బా పట్టుకుని, ఏం జరిగిందో అర్థంగాక వదీ వైపు చూసింది. వదీ మెడ తుడుచుకుంటున్నాడు.

ఉమ్ వదీ బల్ల దగ్గరికి వచ్చింది. పుస్తకానికి గుడ్డ చుట్టడం మొదలుపెట్టింది.

“నేను అబద్ధం ఆడలేదత్తా,” అంది గలీలా. “నువ్వు అడిగినదానికి నేను నిజమే చెప్పాను.”

“చెప్పావు,” అంది ముసలామె, ముడి వేస్తూ. “అడగడం నాకు చేతకాలేదు.”

పుస్తకాన్ని గుండెకి హత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. గలీలా చేతిలో తాళంచెవి ఐరీనీ ఒంటి వేడికి ఇంకా వెచ్చగానే ఉంది. రేపు శుక్రవారం. గుడిలో తన పక్కన ఎప్పుడూ నిలబడేది ఐరీనీయే.